డోలీ ఎక్కిన బండి

నంబరు ప్లేటు పోయింది ఒక బుధవారం నాడు. మనిషి పోయి అప్పటికి పదిహేడు రోజులైంది.

గౌరీశ్వరరావు మేష్టారు ఇప్పవలస పట్నంలో కాపురం ఉంటూ, కొండ మీది తేనెగెడ్డ గూడెంలో బడి నడిపేవారు. ఒకే గది, ఒకే మేష్టారు, తొమ్మిది మంది పిల్లలు. గూడేనికి రోడ్డు లేదు. కొన్ని రాళ్లు, నీళ్లు పారే ఒక గెడ్డ, మళ్లీ రాళ్లు, అంతే. అందుకని ఆయన ఎవరో వాడి వదిలేసిన డర్ట్ బైక్ ఒకటి కొన్నారు. ఎత్తుగా, బక్కగా, మిడతలా ఉండే ఆ బండిని ఊళ్లో అందరూ మట్టిబండి అనేవారు. కొన్న మొదటి నెలలోనే రాళ్ల దెబ్బకు రెండు అద్దాలూ, ఒక నంబరు ప్లేటూ విరిగాయి. అప్పటి నుంచి ఆయనకు ఒక అలవాటైంది. పొద్దున్నే కొండ కింద నీలయ్య టీ బడ్డీ దగ్గర ఆగడం, స్పానరుతో ప్లేటూ అద్దాలూ విప్పడం, వాటిని ఒక గుడ్డసంచిలో వేసి బడ్డీ మేకుకు తగిలించడం. సాయంత్రం దిగి వచ్చి, టీ చల్లారేలోగా మళ్లీ బిగించుకోవడం. పదహారేళ్లు ఇదే వరస.

చివరి శనివారం సాయంత్రం పెద్ద వాన. "సోమవారం బిగించుకుంటాన్లే నీలయ్యా" అని సంచి అక్కడే వదిలి, ఆయన తడుస్తూ ఇంటికి వచ్చేశారు. ఆదివారం తెల్లవారుజామున నిద్రలోనే పోయారు. సోమవారం ఆయనకు రాలేదు.

పదిహేడో రోజున మునిసిపాలిటీ వాళ్లు రోడ్డు ఆక్రమణల తొలగింపు అంటూ వచ్చి, నీలయ్య బడ్డీని పీకి ట్రాక్టరులో వేసుకుపోయారు. మేకుతో పాటు సంచీ వెళ్లింది.

"పరిగెట్టేనమ్మా టీచరమ్మా, ట్రాక్టరెనకాల," అని నీలయ్య వగరుస్తూ మేష్టారి భార్య వరహాలమ్మ టీచర్ గుమ్మంలో నిలబడ్డాడు. "ఆ సంచి మాత్రం ఇచ్చీండి బాబూ, మేష్టారిదీ అన్నాను. 'స్టోరుకొచ్చి రాయించి పట్టుకెల్లు' అన్నారు. ఇదిగో, రసీదు."

రసీదు మీద "బడ్డీ ఒకటి, గ్లాసులు పంతొమ్మిది, గుడ్డసంచి ఒకటి" అని ఉంది. వరహాలమ్మ దాన్ని రెండుసార్లు చదివి, దేవుడి గూట్లో పెట్టింది.

ఆమె కూడా పంతులమ్మే. పట్నంలో ఇరవై ఎనిమిదేళ్లుగా మూడో తరగతికి చెబుతోంది. కర్మకాండ ముగిసిన మర్నాడు విద్యాశాఖ కార్యాలయానికి వెళ్లి, ఆయన బడికి తనను వేయమని అర్జీ ఇచ్చింది. మండల విద్యాధికారి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"పనిష్మెంటు మీద పంపితేనే ఎవరూ వెళ్లని చోటండీ అది. మీరు అడిగి మరీ వెళ్తారా టీచర్ గారూ?"

"ఎవరూ వెళ్లకపోతే ఏమవుతుందండి?"

"జూలై నెలాఖరుతో మూసేస్తాం. పిల్లల్ని కింద బడిలో కలిపేస్తాం. పదకొండు కిలోమీటర్లే."

ఆ 'పదకొండే' అన్నది ఆయన చాలా తేలిగ్గా అన్నాడు. వరహాలమ్మ ఉత్తర్వు పుచ్చుకుని చదువుకుంది. "సదరు ఉపాధ్యాయిని తన సొంత వాహనముతో సహా పాఠశాల ఎదుట నిలబడి తీసిన ఛాయాచిత్రము, జూలై ముప్పై ఒకటవ తేదీ సాయంత్రము ఐదు గంటలలోగా యాప్ నందు అందిన యెడల మాత్రమే విధులలో చేరినట్లు భావించబడును. అందని యెడల పాఠశాల విలీనమగును."

సొంత వాహనం ఉంది. నడపడం కూడా వచ్చు. ఆదివారాలు సంత మైదానంలో మేష్టారే నేర్పారు. యాభై రెండేళ్ల మనిషి చీర కుచ్చెళ్లు దోపుకుని ఆ మిడత మీద చక్కర్లు కొడుతుంటే, కూరగాయల వాళ్లు బుట్టలు పక్కకు జరుపుకుని మరీ చూసేవారు.

ఇక మిగిలింది ప్లేటు ఒక్కటే అనుకుంది.

*

రవాణా శాఖ కార్యాలయంలో ఇన్‌స్పెక్టరు దివాకర్ పట్నాయక్ కొత్త నియమావళి పుస్తకాన్ని వినాయకుడి పటం పక్కన నిలబెట్టుకున్నాడు. అది వచ్చి నెలైంది. ఎవరో పెద్దవారి ఇంటి ముందు ఎవరో డర్ట్ బైకులతో రెండు రోజులు రొద చేశారట. మూడో రోజుకల్లా రాష్ట్రానికి చట్టం వచ్చింది.

"చూడండమ్మా," అన్నాడు పట్నాయక్, వేళ్లు జోడించి. "నంబరు ప్లేటు, రెండు అద్దములు కలిగినది వీధి వాహనము. అవి లేనిది ఆఫ్-రోడ్ వాహనము. వీధి వాహనము రోడ్డు మీద మాత్రమే తిరగవలెను. ఆఫ్-రోడ్ వాహనము రోడ్డు కాని చోట మాత్రమే తిరగవలెను. ఇంత స్పష్టమైన చట్టము నా సర్వీసులో రాలేదు."

"అలాగేనండి. నేను కొండ మీదికే వెళ్తాను. అక్కడ రోడ్డు లేదు."

"భేషుగ్గా వెళ్లండి. ఎవరాపుతారు?"

"కొండ దాకా వెళ్లాలంటే మా వీధిలోంచి వెళ్లాలి కదండీ. కిలోమీటరుంపావు."

"అది నేరము."

"నడపనండి. నెట్టుకుంటూ వెళ్తాను."

"నెట్టుటయు నడుపుటయే. నాలుగవ వివరణ."

"పోనీ, రిక్షాలో వేసుకుని..."

"తరలించుటయు నడుపుటయే. ఐదవ వివరణ."

"మరి బండి కొండకి ఎలా చేరాలి సార్?"

పట్నాయక్ జాలిగా నవ్వాడు. "వాహనము ఎక్కడ తిరగవలెనో చట్టము చెప్పును. అక్కడికి ఎట్లు చేరవలెనో చెప్పుట చట్టము పని కాదమ్మా."

"పోనీ కొత్త ప్లేటు ఇప్పించండి."

"పోయిన దానికే కొత్తది ఇవ్వబడును. మీది పోలేదు. మునిసిపల్ స్టోరులో భద్రముగా ఉన్నది."

మునిసిపల్ స్టోరుకు వెళితే, స్టోర్ కీపరు సంచి తీసి ప్లేటు చూపించాడు కూడా. అద్దాల మీద ఇంకా ఆ శనివారం నాటి వాన మరకలున్నాయి. వరహాలమ్మ చెయ్యి చాచబోయింది.

"ఆగండాగండి. బండి తెండి. ఛాసిస్ నంబరుతో సరిచూసి ఇస్తాను. రూలు."

"ప్లేటు లేకుండా బండి రోడ్డెక్కకూడదట బాబూ."

"బండి చూడకుండా ప్లేటు గడప దాటకూడదండి."

ఇద్దరూ కొంతసేపు సంచి కేసి చూశారు. తప్పు సంచిది కాదు.

*

మునిసిపల్ ఆఫీసులో తవిటినాయుడని ఒక సీనియర్ అసిస్టెంటు ఉన్నాడు. మేష్టారి దగ్గర చిన్నప్పుడు ఎక్కాలు నేర్చుకున్నవాడు. వరహాలమ్మను చూడగానే కుర్చీలోంచి లేచాడు.

"కూకోండమ్మా. మేష్టారు నన్ను ఎన్ని సార్లు గోడకుర్చీ ఏయించేరో! పన్నెండో ఎక్కం అప్పజెప్పి సంబరపడితే ఏటన్నారో తెలుసా? 'పన్నెండు దాకా నోరు చెప్తుందిరా, పదమూడు నుంచి బుర్ర చెప్పాలి' అనీవోరు."

"నాకూ అదే చెప్పేవారు," అంది వరహాలమ్మ. ఆపైన విషయం చెప్పింది.

తవిటినాయుడు కళ్లు మూసుకుని అయిదు నిమిషాలు ఆలోచించాడు. ఆ ఆఫీసులో ఎవరైనా కళ్లు మూసుకుని ఆలోచించడం అదే మొదటిసారి. మామూలుగా మూసుకోవడం వరకే.

"ఉందమ్మా దారి. బండి రోడ్డు మీద పోకూడదు, అంతే కదా? రోడ్డునే రోడ్డు కాదనీస్తే?"

"అదెలా కుదురుతుంది?"

"ఏది రోడ్డో తీర్మానించీ అధికారం కౌన్సిలుకి ఉన్నాది. ఏది కాదో తీర్మానించకూడదని ఎక్కడా లేదు."

అలా కౌన్సిల్ సమావేశంలో పదమూడో అంశంగా తీర్మానం పాసయింది. "ఏడవ వార్డు గెడ్డవీధి, ఈ నెల పన్నెండవ తేదీ పగలు పదకొండు గంటల నుండి పన్నెండు గంటల వరకు రోడ్డు కాదని ఇందుమూలముగా తీర్మానించడమైనది."

పన్నెండో తేదీ పొద్దున్నుంచీ వరహాలమ్మ హెల్మెట్ పెట్టుకుని అరుగు మీద కూర్చుంది. తీర్మానం నకలు చేతిలో పడితే గానీ కదలకూడదని తవిటినాయుడు మరీమరీ చెప్పాడు. పదకొండు దాటింది. పదకొండున్నర దాటింది. పన్నెండూ పదికి డిస్పాచ్ గుమస్తా సైకిలు దిగి, చెమట తుడుచుకుంటూ కాగితం ఇచ్చాడు.

"ఇంతసేపా బాబూ?"

"ఏటి సెయ్యమంటారమ్మా? పదకొండుకే బయల్దేరేను. పన్నెండు దాకా మీ వీధికి రోడ్డు లేదు కదా, ఎలగ వొస్తాను? సందు మొగలో నిలబడిపోయేను."

హెల్మెట్ తీసి పక్కన పెట్టింది. కాగితం మీద సంతకం చేసి ఇచ్చింది. అందులో వాడి తప్పేం లేదు.

కానీ ఆ గంటలో ఇంకొకటి జరిగింది. గెడ్డవీధి గుంతల మీద మునిసిపాలిటీ కంప్యూటరులో మూడేళ్లుగా ముప్పై ఒక్క ఫిర్యాదులున్నాయి. పదకొండు కొట్టగానే కంప్యూటరు తనంతట తానే ఒక్కొక్కదాన్నీ మూసేసింది. "ఫిర్యాదులో పేర్కొన్న రోడ్డు లేదు. సమస్య పరిష్కరించడమైనది."

కమిషనరు ఉమామహేశ్ పాత్రో ఆ తెర కేసి, కొడుకు పుట్టాడన్న కబురు విన్నవాడిలా చూశాడు.

"తవిటినాయుడూ! ముప్పై ఒకటి ఎక్కడికి పోయాయయ్యా?"

"పోలేదండి. తీరిపోయేయండి."

"ఒక్క తట్ట కంకర పొయ్యకుండానా?"

"కంకర రోడ్డుకి పోస్తారండి."

పాత్రో లేచి కిటికీ దగ్గరికి వెళ్లాడు. బయట ఒక స్కూటరు గుంతలో దిగి, ఇంకా పైకి రాలేదు. "ఊరు మొత్తం మీద ఎన్ని ఫిర్యాదులు?"

"నాలుగు వందల పన్నెండండి."

"ప్రజా సంక్షేమాన్ని దృష్టిలో ఉంచుకుని అత్యవసర సమావేశం పెట్టించు."

మూడు రోజుల తర్వాత ఇప్పవలస పురపాలక సంఘ పరిధిలో ఒక్క రోడ్డు కూడా లేకుండా పోయింది. ఆ సాయంత్రమే పెండింగు ఫిర్యాదులు సున్నా అయ్యాయి. వారం తిరక్కుండా 'గుంతలు లేని పట్టణం' పురస్కారం వచ్చింది. రాజధాని నుంచి దాన్ని తెస్తున్న కారు ఊరి పొలిమేరలో ఆగిపోయింది. ముందుకు రోడ్డు లేదు మరి. జ్ఞాపికను తవిటినాయుడు నెత్తిన పెట్టుకుని నడిచి తెచ్చాడు.

*

ఆ తర్వాత ఇప్పవలస చూడాల్సిన ఊరు.

రోడ్డు లేదు కనుక ప్లేటూ అద్దాలూ ఉన్న బండి ఊళ్లో తిరగడం నేరమైంది. ఆటోవాళ్లు, స్కూటరువాళ్లు, పాలవ్యానువాళ్లు అందరూ స్పానర్లు పట్టుకున్నారు. ఊరు దాటేటప్పుడు బిగించాలి, ఊళ్లోకి వచ్చేటప్పుడు విప్పాలి. పొలిమేరలో బస్సు ఆపి కండక్టరూ డ్రైవరూ చెరో అద్దం విప్పుతుంటే, ప్రయాణికులు దిగి మరలు ఏరిపెట్టేవారు. ఆఫ్-రోడ్ తిరిగేవాళ్లకు హెల్మెట్, మోకాలి తొడుగులు తప్పనిసరని నియమావళి ఏడో పేజీలో ఉందని పట్నాయక్ మైకులో చదివించాడు. క్రికెట్ ప్యాడ్లు కట్టుకుని పెళ్లికూతురు ఆటో దిగింది. పురోహితుడు హెల్మెట్ అద్దం పైకెత్తి మంత్రం చదివి, మళ్లీ దించుకున్నాడు. కమిషనరు కారులో ప్యాడ్లతో కూర్చునేవాడు. కాళ్లు మడవడం కుదరక డోరు తెరిచే ఉంచేవాడు.

అన్నిటికన్నా బాగుపడినవాడు నీలయ్య. రోడ్డే లేనప్పుడు రోడ్డు ఆక్రమణ ఎక్కడిది? సంచి ఇవ్వలేదు గానీ, బడ్డీని స్టోరు నుంచి విడిపించుకుని, పాత చోటే దర్జాగా పెట్టుకున్నాడు. ఈసారి ఒక మేకు కాదు, నూట ఇరవై మేకులు కొట్టాడు. పొద్దున్నే జనం వచ్చి ప్లేట్లూ అద్దాలూ విప్పి, గుడ్డసంచుల్లో వేసి, తగిలించి వెళ్లేవారు. సాయంత్రం టీ తాగుతూ బిగించుకునేవారు. పదహారేళ్లు ఒక్క మనిషి చేసిన పనిని ఇప్పుడు ఊరంతా చేస్తోంది.

వరహాలమ్మ ఆ సంచుల వరస కేసి చాలాసేపు చూసింది.

"మొదటి మేకు ఖాళీగా ఉంచేనమ్మా," అన్నాడు నీలయ్య. "అది మేష్టారిది."

ఆమె తలూపి, టీ తాగింది.

ఈ కొత్త తీర్మానం నకలు చేతికి అందిన ఇరవై తొమ్మిదో తేదీన ఆమె మట్టిబండి బయటికి తీసింది. కిక్కు ఆరుసార్లు కొట్టింది. ఏడోసారికి అంటుకుంది. వీధి అంతా గుమ్మాల్లోకి వచ్చింది. పక్కింటి పార్వతమ్మ "ఓలమ్మో, టీచరమ్మా, గట్టిగా పట్టుకోండే!" అని అరిచింది. బండి గుంతలో దిగి, ఎగిరి, మరో గుంతలో దిగింది. గుంతలు లేని పట్టణంలో ఒక్క గుంతా తప్పలేదు. ఎగిరినప్పుడల్లా ఆమెకు నవ్వు వచ్చింది. నెలన్నర తర్వాత అదే మొదటి నవ్వు. హెల్మెట్ ఉంది కనుక ఎవరూ చూడలేదు.

ముందు స్టోరుకే వెళ్లింది. స్టోర్ కీపరు ఛాసిస్ నంబరు సరిచూశాడు. సరిపోయింది. సంచి తీయబోయి, మళ్లీ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఒక్క చిక్కు ఉందండి టీచర్ గారూ. ప్లేటన్నది రోడ్డు మీద తిరగడానికి. రోడ్డే లేని ఊళ్లో నేను ప్లేటు ఇస్తే, ఎందుకిచ్చావని ఆడిట్ వాళ్లు అడుగుతారు."

వరహాలమ్మ మళ్లీ కిక్కు కొట్టింది. ప్లేటు లేకపోయినా కొండకు వెళ్లొచ్చు కదా అనుకుంది. కొండ రోడ్డు కాదు.

*

కొండ మొదట్లో పెద్ద కమాను నిలబడి ఉంది. 'తేనెగెడ్డ ఆఫ్-రోడ్ సాహస క్రీడా వనము' అని రంగు అక్షరాలు. కమాను కింద అడ్డుకర్ర. కర్ర అవతల నుంచి కొండ మీదికి తెల్లటి సిమెంటు రోడ్డు మెలికలు తిరుగుతూ పోతోంది. నెల రోజులుగా యంత్రాలు పైకి వెళ్తున్నాయని నీలయ్య చెప్పాడు గానీ, ఏదో పార్కట అనుకుంది.

నల్లకళ్లద్దాల కుర్రాడొకడు వచ్చాడు. సైట్ ఇన్‌చార్జి ప్రణీత్ అని బ్యాడ్జీ ఉంది.

"మేడం, మీ బైకుకి ప్లేటు లేదు, మిర్రర్స్ లేవు. లోపలికి రాకూడదు."

"ఇది ఆఫ్-రోడ్ పార్కు కదా బాబూ. ఇది ఆఫ్-రోడ్ బండి."

"కరెక్టే మేడం. కానీ లోపల ఉన్నది రోడ్డు కదా."

"ఆఫ్-రోడ్ పార్కులో రోడ్డెందుకు వేశారు?"

"ట్రయల్ రైడుకి పెద్దవాళ్లొచ్చారు మేడం. బట్టలకి దుమ్మంటింది. సేఫ్టీ కోసం సిమెంటు వేసేశాం. పద్దెనిమిది రోజుల్లో, రికార్డు! మళ్లీ ఆఫ్-రోడ్ ఫీలింగు పోకూడదని వంద మీటర్లకో స్పీడు బ్రేకరు పెట్టాం."

తేనెగెడ్డవాళ్లు ఆ రోడ్డు కోసం ముప్పై ఏళ్లు అర్జీలు పెట్టారు. ఆ అర్జీల్లో సగం మేష్టారి చేతిరాతే. జ్వరం వచ్చినవాళ్లనూ, నొప్పులొచ్చిన ఆడవాళ్లనూ రెండు కర్రలకు దుప్పటి కట్టి, డోలీలో మోసుకుంటూ దింపేవారు. రోడ్డు పడదని ప్రతి అర్జీకీ జవాబు వచ్చేది. కారణం, కొండ రాయి చాలా గట్టిది.

"నడిచి వెళ్లనా పోనీ?"

"పాదచారులకి ప్రవేశం లేదు మేడం. రైడర్లకి అడ్డం."

"గూడెం వాళ్లు ఎలా దిగుతున్నారు?"

"డోలీకి పర్మిషనుంది. అది హెరిటేజ్ కదా, విజిటర్స్ ఫొటోలు తీసుకుంటారు. రోగి ఉండాలి, రోగితో ఒక అటెండెంటు ఉండొచ్చు. రోగి లేకుండా ఖాళీ డోలీ మాత్రం నిషేధం."

వరహాలమ్మ బండి వెనక్కి తిప్పింది. ఊళ్లో రోడ్డు లేదు, కొండ మీద ఉంది. ఊళ్లోకి పనికొచ్చే బండి కొండకు పనికిరాదు. నీలయ్య బడ్డీ దగ్గర బండి నిలిపి, మొదటి మేకు కింద కూర్చుంది.

"ఇంక రెండ్రోజులే నీలయ్యా."

నీలయ్య టీలో పంచదార రెండుసార్లు వేశాడు.

*

ముప్పై ఒకటో తేదీ పొద్దున ఎనిమిది మందితో గూడెం పెద్ద కిల్లో దొన్ను దిగాడు. డోలీలో ఒక ముసలామెను ఆసుపత్రికి దింపి, తిరుగుదారిలో మధ్యాహ్నం బడ్డీ దగ్గర ఆగారు. విషయమంతా నీలయ్య చెప్పాడు.

"ఇంతేనా?" అన్నాడు దొన్ను. "డోలీ ఉన్నాది కదా మేష్టారమ్మా. నువ్వు పడుకో. మేం మోస్తాం."

వరహాలమ్మ ఉత్తర్వు రెండో పేజీ తీసింది. పంతులమ్మ కదా, చివరి దాకా చదివే అలవాటు. "రోగగ్రస్తులైన ఉపాధ్యాయులు ఫిట్‌నెస్ సర్టిఫికెట్ లేనిదే విధులలో చేరరాదు."

"నేను రోగినైతే చేరనివ్వరు దొన్నూ. బండీ పైకి రావాలి."

దొన్ను బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. హ్యాండిలు పట్టుకుని ఊపాడు. మేకను కొనేవాడిలా వంగి కింద చూశాడు.

"అయితే రోగమొచ్చింది దీనికే," అన్నాడు.

బరువు తగ్గాలని పెట్రోలు తోడేశారు. రెండు డోలీ కర్రలకు అడ్డంగా మరో రెండు కట్టి, బండిని దుప్పట్లో పడుకోబెట్టారు. ముందు చక్రం ఒకటి బయటికి వేలాడింది. కమాను దగ్గర ప్రణీత్ ఫారం తీశాడు. తీసి, డోలీలోకి చూసి, కళ్లద్దాలు తీశాడు.

"పేషెంటెక్కడ?"

"ఇదే."

"ఇది బైకు!"

"నీ కాయితంలో మనిషే అవ్వాలని రాసున్నాదేటి?" అన్నాడు దొన్ను.

ప్రణీత్ ఫారం ముందుకూ వెనక్కూ తిప్పాడు. లేదు.

"వయసు?"

"పంతొమ్మిదేళ్లు," అంది వరహాలమ్మ.

"జబ్బు?"

"వెనకాలది ఊడిపోయింది," అన్నాడు నీలయ్య. "రెండు కళ్లూ పోయేయి. కడుపులో చుక్క లేదు."

ప్రణీత్ కంగారుగా పట్నాయక్‌కు ఫోను చేశాడు. స్పీకరులో అందరికీ వినిపించింది.

"సార్, ప్లేటు లేని బైకుని డోలీలో తరలిస్తున్నారు. తరలించడం కూడా నడపడమే కదా సార్?"

"వాహనమును తరలించుట నడుపుటయే. రోగిని తరలించుట నడుపుట కాదు. ఫారములో ఏమని ఉన్నది?"

"రోగి అని ఉంది సార్. కానీ కళ్లెదురుగా బైకు..."

"కళ్లు పొరబడవచ్చునయ్యా. ఫారము పొరబడదు. కర్ర ఎత్తు."

కర్ర లేచింది. అటెండెంటు గడిలో వరహాలమ్మ పేరు రాశారు. 'రోగికి ఏమవుతారు' అన్న గడి దగ్గర ఆమె కొద్దిగా ఆగి, 'ఇంటి మనిషి' అని రాసింది.

ఎనిమిది మంది ఒక్క ఊపుతో ఎత్తారు. ముప్పై ఏళ్లు రోడ్డు లేక మనుషుల్ని మోసినవాళ్లు, రోడ్డు వచ్చాక బండిని మోసుకుంటూ సిమెంటు రోడ్డెక్కారు. ప్రతి స్పీడు బ్రేకరు దగ్గరా "ఓహోయ్" అని డోలీ పైకి లేపేవారు. రంగు జాకెట్లతో ఖరీదైన బళ్ల మీద వస్తున్న సందర్శకులు దారిచ్చి, చప్పట్లు కొట్టి, ఫొటోలు తీసుకున్నారు. ఒకాయన హెల్మెట్ తీసి, "పాపం, సీరియస్సా?" అని అడిగాడు.

"ఊపిరి ఉన్నాది బాబూ," అన్నాడు దొన్ను, ఆగకుండా.

వరహాలమ్మ డోలీ కర్ర మీద చెయ్యి వేసి పక్కనే నడిచింది. ఆరు కిలోమీటర్లు. మధ్యలో రెండుసార్లు ఆగి మోకాళ్లు నొక్కుకుంది. కిందికి చూస్తే ఇప్పవలస కనబడింది. ఇంతింత మనుషులు హెల్మెట్లతో, ప్యాడ్లతో, స్పానర్లతో తిరుగుతున్నారు.

నాలుగూ నలభైకి బడి ముందు డోలీ దించారు. విప్పడానికి వ్యవధి లేదు. పిల్లలు చుట్టూ మూగారు. దొన్ను వరహాలమ్మ ఫోను అడ్డంగా పట్టుకుని ఫొటో తీశాడు. మొదటి దాంట్లో వేలు పడింది, రెండో దాంట్లో మేక పడింది. మూడోది వెళ్లింది. ఐదుకు రెండు నిమిషాల ముందు యాప్ నుంచి జవాబు వచ్చింది. "చేరిక నమోదైనది. పాఠశాల విలీనము నిలుపుదల చేయడమైనది. ఛాయాచిత్రములో వాహనము కర్రలకు కట్టబడి ఉన్నది. సదరు వాహనము సొంతమా, అద్దెకా అన్నది వారములోగా తెలుపవలెను."

దొన్ను గట్టిగా చదివించుకుని నవ్వాడు. పిల్లలూ నవ్వారు. వరహాలమ్మ నవ్వుతూనే కొంగు ముడిలోంచి తాళంచెవి తీసింది.

తలుపు తెరిచాక కొంతసేపు గదిలో చీకటి తప్ప ఏమీ కనబడలేదు. తర్వాత బల్ల కనబడింది, బల్ల మీద ఆయన డస్టరు, గోడకు నల్లబోర్డు. బోర్డు మీద పదమూడో ఎక్కం. ఒకట్ల నుంచి మొదలై, గుండ్రటి అక్షరాలతో కిందికి దిగి, పదమూడు ఆర్లు డెబ్బై ఎనిమిది దగ్గర ఆగింది. ఆ శనివారం వాన మొదలవుతోందని పిల్లల్ని తొందరగా ఇళ్లకు పంపేశారట.

"ఎవులూ సెరపనేదు టీచరమ్మా," అంది పాంగి సొమ్రి. అయిదో తరగతి పిల్ల. "కిటికీ కాడ నానే కాపు కాసేను."

వరహాలమ్మ సుద్దముక్క తీసుకుంది. బోర్డు పక్కనున్న గోడ మీద తేదీ వేసి, పేర్లు పిలిచి, తెలుగు వాచకం తీయించింది. రాత్రి గూడెంలోనే ఉండిపోయి, మర్నాడు లెక్కల గంటలో కూడికలు చెప్పింది. ఆ మర్నాడు పన్నెండో ఎక్కం మళ్లీ వల్లె వేయించింది.

ప్లేటు మునిసిపల్ స్టోరులోనే ఉంది. మట్టిబండి బడి వసారాలో ఉంది. పదమూడో ఎక్కంలో ఇంకా నాలుగు వరసలు రాయాలి.